బిరోబిజాన్: రెండుసార్లు కట్టుకున్న ఊరు

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం రష్యా వెళ్దాం. మాస్కోలో రైలెక్కి తూర్పుకి ఎనిమిది వేల కిలోమీటర్లు దాటి వెళ్తే, చైనా సరిహద్దు దగ్గర బిరోబిజాన్ అనే ఊరొస్తుంది. స్టేషన్ మీద ఊరి పేరు రష్యన్‌లోనూ ఉంటుంది, హీబ్రూ అక్షరాలతో రాసే, తూర్పు యూరప్ యూదుల భాష యిడ్డిష్‌లోనూ ఉంటుంది. అక్కా, అంత దూరాన యిడ్డిష్ ఎలా వచ్చింది?

అక్క: ఆ ఊరు వెలిసిందే యూదుల కోసం రా. సోవియట్ ప్రభుత్వం 1928 మార్చిలో ఆ నేలను యూదులకు కేటాయించింది. 1934 మేలో యూదు స్వయంప్రతిపత్తి ప్రాంతంగా ప్రకటించింది. ఇజ్రాయెల్ పుట్టడానికి 14 ఏళ్ళ ముందు. విస్తీర్ణం 36 వేల చదరపు కిలోమీటర్లు, కేరళ కంటే కాస్త తక్కువ.

తమ్ముడు: యూదులు ఎక్కువగా ఉండింది ఉక్రెయిన్, బెలారుస్ వైపు కదా. అక్కడే ఇవ్వొచ్చుగా భూమి?

అక్క: 1920ల్లో క్రిమియాలో, దక్షిణ ఉక్రెయిన్‌లో ఇచ్చారు. అక్కడి రైతులకు నచ్చలేదు, గొడవలయ్యాయి. ప్రభుత్వానికి ఇంకో లెక్క కూడా ఉంది. ఆముర్ నదికి అవతల చైనా, ఆ వెనకే జపాన్ భయం. ఇవతల చూస్తే మనుషులే పెద్దగా లేరు. సరిహద్దులో జనం కావాలి.

తమ్ముడు: ప్రభుత్వం లెక్క సరే. వెళ్ళినవాళ్ళు ఎందుకు వెళ్ళారు?

అక్క: బతకలేక. చిన్న ఊళ్ళలో ఆ యూదుల్లో చాలామంది దుకాణాలు పెట్టుకున్నవాళ్ళు, దర్జీలు, చెప్పులు కుట్టేవాళ్ళు. విప్లవం తర్వాత వ్యాపారం చేసినవాళ్ళకి ఓటు తీసేశారు. పనీ దొరకదు. అలాంటప్పుడు భూమి ఇస్తాం, మీ భాషలోనే బడి పెడతాం అంటే ఎవరు మాత్రం ఆశపడరు?

తమ్ముడు: తీరా వెళ్తే?

అక్క: అక్కడ తిఖోన్‌కాయా అని ఒక చిన్న రైల్వే స్టేషన్, చుట్టూ చిత్తడి నేల, దోమలు. ఇళ్ళు లేవు, దారులు లేవు. చాలామంది అంతకుముందు నాగలి పట్టి ఎరగరు. వెళ్ళిన ఏడాదే, 1928లో, వరదలొచ్చాయి. జనవరి వస్తే మైనస్ 20 డిగ్రీల చలి. మొదటి ఏడు వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది చలికాలం రాకముందే వెనక్కి పోయారు.

తమ్ముడు: అందుకే చాలామంది దీన్ని స్టాలిన్ ఆడించిన నాటకం అంటారు. యూదులే పెద్దగా లేని యూదు ప్రాంతం అని.

అక్క: ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. నాటకమైతే స్టాలిన్‌ది కావచ్చు, ఉండిపోయినవాళ్ళది కాదు. వాళ్ళు వాల్ద్‌హైమ్ అనే ఉమ్మడి వ్యవసాయ గ్రామం కట్టుకున్నారు. 1930లో బిరోబిజానెర్ ష్టెర్న్ అనే పత్రిక పెట్టారు. 1934లో యిడ్డిష్ నాటకశాల వచ్చింది. బళ్ళు నడిచాయి. అర్జెంటీనా నుంచి, అమెరికా నుంచి కూడా యూదులు వచ్చారు. జర్మనీలో బౌహౌస్ కళాశాలను నడిపిన హానెస్ మేయర్ ఊరికి ప్లాన్ గీశాడు. ఇవన్నీ నిజంగా జరిగాయి రా.

తమ్ముడు: మరి ఎక్కడ చెడింది?

అక్క: 1936లో. ఆ ప్రాంత పాలనకు మొదటి అధ్యక్షుడు ఇయోసిఫ్ లిబెర్‌బెర్గ్, కీవ్ నుంచి వచ్చిన పండితుడు. యూదు సంస్కృతికి బిరోబిజాన్‌ని కేంద్రం చేయాలని కలలు కన్నాడు. 1936లో అరెస్టు చేశారు, 1937లో కాల్చి చంపారు. పార్టీ కార్యదర్శి మత్వేయ్ ఖావ్కిన్‌నీ అరెస్టు చేశారు. ఆయన భార్య మీద పెట్టిన అభియోగం వింటావా? మాస్కో నుంచి వచ్చిన స్టాలిన్ సన్నిహితుడు కగనోవిచ్‌కి ఇంట్లో వండిన చేప కూరలో విషం పెట్టబోయిందట. అతిథికి అన్నం పెట్టడం కూడా నేరమైపోయింది.

తమ్ముడు: దారుణం అక్కా.

అక్క: 1939 జనాభా లెక్కలో అక్కడ యూదులు 17,695 మంది, నూటికి 16 మంది. అక్కడితో కథ అయిపోవాలి నిజానికి. కానీ యుద్ధం తర్వాత, 1946 నుంచి 48 దాకా, మళ్ళీ రైళ్ళు నిండాయి. నాజీలు ఊళ్ళకు ఊళ్ళే చంపేశారు. మిగిలినవాళ్ళు తిరిగొస్తే ఇంట్లో వేరేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళు వేలమంది బిరోబిజాన్ వెళ్ళారు. ఈసారి వ్యవసాయం కోసం కాదు, పక్కన తమవాళ్ళు ఉంటారన్న నమ్మకంతో. నాకు ఈ రెండో రాక మొదటిదానికంటే గొప్పదనిపిస్తుంది. దాని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

తమ్ముడు: ఈసారి నిలబడ్డారా?

అక్క: నిలబడనివ్వలేదు. 1948 చివరి నుంచి దేశమంతటా యూదు సంస్థలను మూసేశారు. బిరోబిజాన్‌లో నాటకశాల పోయింది, యిడ్డిష్ బడి పోయింది. గ్రంథాలయంలో యూదు పుస్తకాలు తీసి తగలబెట్టారు. ఒకప్పుడు ఆ ఊళ్ళో ఉండి దాని గురించి రాసిన రచయిత డేవిడ్ బెర్గెల్‌సన్‌ని 1952 ఆగస్టు 12న మాస్కోలో చంపేశారు. అందుకే, యూదులు నిలవలేదు కాబట్టి ఆ ఊరు విఫలమైంది అనే మాట నేను ఒప్పుకోను. అక్కడ ఏ చిగురు వేసినా తుంచేసింది దాన్ని నాటిన ప్రభుత్వమే.

తమ్ముడు: ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?

అక్క: సోవియట్ కూలిపోయాక దారులు తెరుచుకున్నాయి, ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్ళారు. 2010లో ఆ ప్రాంతంలో 1,628 మంది, అంటే నూటికి ఒక్కరు. ఇప్పుడు ఇంకా తక్కువ. ఊరి జనాభా 70 వేల దాకా ఉంటుంది, దాదాపు అందరూ రష్యన్లే.

తమ్ముడు: ఈ ప్రాంతాన్ని పక్కనున్న ఖబరోవ్స్క్ ప్రాంతంలో కలిపేద్దామని అప్పుడప్పుడు ప్రతిపాదనలు వస్తుంటాయి. యూదులు నూటికి ఒక్కరు కూడా లేనప్పుడు ఆ పేరెందుకు అంటే ఏం చెప్తావ్?

అక్క: ఉండాలంటాను. ఊళ్ళో పెద్ద వీధికి యిడ్డిష్ రచయిత షోలెమ్ అలైఖెమ్ పేరు పెట్టారు, 2004లో ఆయన విగ్రహం పెట్టారు. అదే ఏడాది కొత్త సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, కట్టుకున్నారు. సోవియట్ పోయాక బళ్ళో యిడ్డిష్ మళ్ళీ చెప్పారు, నేర్చుకున్న పిల్లల్లో చాలామంది యూదులే కారు. లిబెర్‌బెర్గ్ లాంటి వాళ్ళని చంపి, పుస్తకాలు కాల్చి, ఇప్పుడు జనం లేరు కాబట్టి పేరూ తీసేస్తామంటే, 1936లో మొదలుపెట్టిన పనిని పూర్తి చేసినట్టే అవుతుంది.