రాబర్టో క్లెమెంటె కెరీర్ రివ్యూ: రన్నర్లను అడుగు కదలనివ్వని రైట్ ఫీల్డర్

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో మనం పరిశీలించబోయేది 1955 నుంచి 1972 వరకు, పద్దెనిమిది సీజన్ల పాటు అమెరికాలోని పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే ఒకే ఒక్క జట్టుకు ఆడిన, కరీబియన్ దీవి ప్యూర్టో రికోకు చెందిన బేస్‌బాల్ ఆటగాడు రాబర్టో క్లెమెంటె కెరీర్. ఆయన గురించి ఎవరు మాట్లాడినా మూడు వేల హిట్‌లతోనే (హిట్ అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) మొదలుపెడతారు. అది గొప్ప అంకే, కాదనను. కానీ ఆయన ఆటను బ్యాటింగ్ వైపు నుంచి మాత్రమే చూస్తే సగమే చూసినట్లని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ రివ్యూను మైదానం కుడి మూల నుంచి మొదలుపెడుతున్నాను.

బేస్‌బాల్‌లో బ్యాటర్ వరుసగా మూడు బేస్‌లు తాకి, బ్యాటింగ్ చేసిన చోటైన హోమ్ ప్లేట్‌కు తిరిగి చేరితే ఒక పరుగు. ఫస్ట్ బేస్ మీద ఒక రన్నర్ ఉన్నాడనుకోండి. బ్యాటర్ బంతిని రైట్ ఫీల్డ్ వైపు కొట్టాడు. ఆ రన్నర్ సెకండ్ బేస్ దగ్గర ఆగకుండా థర్డ్ బేస్ దాకా వెళ్లాలని చూస్తాడు, ఎందుకంటే రైట్ ఫీల్డర్ నుంచి థర్డ్ బేస్‌కు దూరం చాలా ఎక్కువ; క్రికెట్‌లో డీప్ మిడ్‌వికెట్ బౌండరీ దగ్గర బంతి అందుకున్న ఫీల్డర్ నేరుగా వికెట్ల మీదికి విసరడం ఎంత కష్టమో, ఇదీ అంతే కష్టం. అలాంటి విసురుతో రన్నర్ అవుటైతే ఫీల్డర్ ఖాతాలో ఒక అసిస్ట్ చేరుతుంది. క్లెమెంటె తన కెరీర్‌లో ఔట్‌ఫీల్డ్ నుంచి 266 అసిస్ట్‌లు సాధించాడు, 1961లో ఒక్క సీజన్‌లోనే 27, మొత్తం మీద ఐదు సీజన్లలో ఆ లెక్కలో లీగ్‌లో అగ్రస్థానం ఆయనదే. అయితే ఆయన చేతికి భయపడి అసలు పరుగే తీయకుండా బేస్ మీద ఆగిపోయిన రన్నర్లను ఏ స్కోరుకార్డూ లెక్కపెట్టలేదు. నా దృష్టిలో ఆయన అసలైన విలువ ఆ లెక్కకందని భాగంలోనే ఉంది. 1961 నుంచి 1972 వరకు ఉత్తమ ఫీల్డర్లకు ఇచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డులు వరుసగా పన్నెండు రావడం దానికి ఒక గుర్తింపు మాత్రమే.

క్లెమెంటె 1934 ఆగస్టు 18న ప్యూర్టో రికోలోని కరోలినాలో పుట్టాడు. తండ్రి చెరకు తోటల్లో పనివాళ్ల మీద మేస్త్రీగా ఉండేవాడు. బడిలో చదివే రోజుల్లో జావెలిన్ విసిరిన అలవాటు ఆ చేతికి బలమిచ్చిందని చెబుతారు. 1954లో బ్రూక్లిన్ డాడ్జర్స్ పదివేల డాలర్ల బోనస్ ఇచ్చి ఆయనతో ఒప్పందం చేసుకుని, తమ అనుబంధ జట్టు మాంట్రియల్ రాయల్స్‌కు పంపింది. అక్కడ ఆయనకు ఆడే అవకాశాలు అంతంతమాత్రంగానే దొరికాయి. ఆ ఏడాది చివర రూల్ 5 డ్రాఫ్ట్‌లో, అంటే అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ జాబితాలో చేర్చకుండా కింది జట్టులో ఉంచిన ఆటగాడిని మరో జట్టు ఎంచుకోగలిగే పద్ధతిలో, పైరేట్స్ ఆయనను తీసుకుంది. డాడ్జర్స్ పోగొట్టుకున్నదేమిటో అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది.

ఎందుకంటే మొదటి ఐదేళ్లు నిలకడ లేదు. 1955లో బ్యాటింగ్ సగటు .255 (అంటే వెయ్యి ప్రయత్నాలకు 255 హిట్‌ల చొప్పున), మరుసటి ఏడాది .311, ఆ తరువాత మళ్లీ .253. 1954 డిసెంబరులో, అంటే పైరేట్స్ తరఫున ఇంకా ఒక్క ఆటా ఆడకముందే, ఆయన కారును ఒక తాగుబోతు డ్రైవర్ ఢీకొట్టడంతో వెన్నెముక దెబ్బతిన్నది. ఆ నొప్పి ఆయనను కెరీర్ పొడవునా వదల్లేదు. నొప్పి అని చెబితే కొందరు పత్రికల వాళ్లు వంకలు చెబుతున్నాడని రాశారు. ఆయన ఇంగ్లీషు యాసను యథాతథంగా అచ్చువేసి ఎగతాళి చేశారు. రాబర్టో అన్న పేరును మార్చి బాబ్ అని పిలిచారు. స్పానిష్ మాట్లాడే నల్లజాతి ఆటగాడిగా ఆయన భరించిన ఈ అన్యాయాన్ని పక్కనపెట్టి అంకెలను మాత్రమే చదవడం నాకు సమ్మతం కాదు.

ఆ తొలినాళ్లలోనూ ఆయన స్వభావం తెలియజెప్పే ఆట ఒకటుంది. 1956 జూలై 25న షికాగో కబ్స్‌తో మ్యాచ్, చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, పైరేట్స్ 5-8తో వెనుకబడి ఉంది, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి. క్లెమెంటె కొట్టిన బంతి మైదానం దాటలేదు, కానీ దూరంగా మూలకు వెళ్లింది. ముగ్గురు రన్నర్లూ హోమ్ ప్లేట్ చేరి స్కోరు సమమైంది. థర్డ్ బేస్ దగ్గర నిలబడిన, జట్టును నడిపించే మేనేజర్ బాబీ బ్రాగన్ ఆగమని చేతులెత్తినా, క్లెమెంటె ఆయనను దాటుకుని పరుగెత్తి హోమ్ ప్లేట్‌ను తాకాడు. 9-8తో గెలుపు. ఆ ఇన్నింగ్స్‌లో ఇంకా ఒక్కరూ అవుట్ కాని పరిస్థితిలో, ఆగినా గెలిచే అవకాశం బాగా ఉన్న సమయంలో అలా పరుగెత్తడం తెలివైన నిర్ణయమని నేను అనను, కానీ ఆయన ఆడిన పద్ధతే అది.

ఇక బ్యాటింగ్. కెరీర్ సగటు .317, లీగ్‌లో అత్యధిక సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిళ్లు నాలుగు, 240 హోమ్ రన్‌లు (ఒక్క దెబ్బతో హోమ్ ప్లేట్ దాకా చేరే హిట్‌లు), 166 ట్రిపుల్స్ (థర్డ్ బేస్ దాకా చేరే హిట్‌లు). హోమ్ రన్‌లు తక్కువని విమర్శించేవారు పైరేట్స్ అప్పటి సొంత మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్ కొలతలు చూడాలి. కుడిచేతి బ్యాటర్‌కు అనువైన ఎడమ వైపున కంచె అతి దూరంగా ఉండేది. లెఫ్ట్ సెంటర్ లోతట్టులో అది 457 అడుగులు. అందుకే ఆయన ప్లేట్‌కు దూరంగా నిలబడి, బరువైన బ్యాట్‌తో, బయటికి వెళ్లే బంతులను సైతం వెతికి కొట్టేవాడు. మేనేజర్ హ్యారీ వాకర్ మరింత బలంగా కొట్టమని కోరిన 1966లో 29 హోమ్ రన్‌లు కొట్టి, 119 పరుగులు రాబట్టి, మేజర్ లీగ్‌లోని రెండు లీగ్‌లలో ఒకటైన నేషనల్ లీగ్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. లోపం లేదా అంటే ఉంది: పద్దెనిమిది సీజన్లలో వాక్‌లు (పరిధి బయట పడిన నాలుగు బంతులను కొట్టకుండా వదిలితే బ్యాటర్‌కు ఉచితంగా దక్కే ఫస్ట్ బేస్) 621 మాత్రమే. ఓపికగా బంతులు వదిలే ఆటగాడు కాదాయన. అయినా ఆ దూకుడే లేకపోతే ఆ సగటు ఉండేది కాదు.

1972 సెప్టెంబరు 30న న్యూయార్క్ మెట్స్ పిచర్ (బంతి వేసే ఆటగాడు) జాన్ మాట్‌లాక్ బంతిని డబుల్‌గా, అంటే సెకండ్ బేస్ చేరే హిట్‌గా మలచి 3,000వ హిట్ పూర్తిచేశాడు. డిసెంబరు 31న, భూకంపంతో కుప్పకూలిన నికరాగ్వా రాజధాని మనాగువాకు సహాయ సామగ్రి తీసుకెళ్తున్న విమానం ప్యూర్టో రికో తీరంలో సముద్రంలో కూలి ఆయన మరణించాడు. వయసు 38. ఆట ముగించాక ఐదేళ్లు ఆగాలన్న నిబంధనను సడలించి, దిగ్గజాలకు దక్కే గౌరవమైన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1973లోనే చేర్చారు.

1971 వరల్డ్ సిరీస్‌ను, అంటే ఆ ఏడాది మేజర్ లీగ్ విజేతను తేల్చిన ఫైనల్ సిరీస్‌ను కావాలనే చివరికి ఉంచాను, ఎందుకంటే ఆయనలోని అన్ని కోణాలూ ఆ ఏడు మ్యాచుల్లో కనిపిస్తాయి. బాల్టిమోర్ ఓరియోల్స్ మీద ప్రతి మ్యాచులోనూ హిట్ కొట్టాడు, సగటు .414. ఏడో మ్యాచులో మైక్ క్వెలార్ బంతిని హోమ్ రన్ చేసి జట్టుకు మొదటి పరుగు అందించాడు. పైరేట్స్ 2-1తో గెలిచింది. సిరీస్ ఎంవీపీ ఆయనే. తరువాత టీవీలో ముందుగా స్పానిష్‌లో తల్లిదండ్రులను ఉద్దేశించి మాట్లాడాడు. కానీ నన్ను అడిగితే, పైరేట్స్ ఓడిపోయిన ఆరో మ్యాచు కూడా తప్పక చూడండి. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, ఫస్ట్ బేస్ మీద ఓరియోల్స్ రన్నర్ మార్క్ బెలాంజర్. డాన్ బ్యూఫర్డ్ రైట్ ఫీల్డ్ మూలకు డబుల్ కొట్టాడు. క్లెమెంటె బంతి అందుకుని తిరిగి విసిరితే, అది ఒక్క బౌన్స్‌తో హోమ్ ప్లేట్ వెనుక ఉండే క్యాచర్ దగ్గరికి చేరింది. ఆ దృశ్యం దొరికినప్పుడు బంతి వెంట కళ్లు పోనివ్వకుండా, గెలుపు పరుగు తీయకుండా థర్డ్ బేస్ దగ్గరే ఆగిపోయిన బెలాంజర్‌ను గమనించండి.