వంద మందే ఎందుకు? వ్యాపార పరిశోధన గురించి ఎంబీఏ విద్యార్థులతో

అందరికీ నమస్కారం.

మీ లైబ్రరీలో పాత ప్రాజెక్టు రిపోర్టులు నాలుగు తీసి తిరగేయండి. కంపెనీ పేరు మారుతుంది, ఊరు మారుతుంది, సర్వేకి జవాబిచ్చిన రెస్పాండెంట్ల సంఖ్య మాత్రం మారదు. వంద. టూవీలర్ షోరూమైనా వందే, పాల డెయిరీ అయినా వందే, బ్యాంకు బ్రాంచి అయినా వందే. ఎందుకంటే పర్సంటేజీ తీయడం సులువు! 62 మంది అవునంటే 62 శాతం. పక్కన ఒక పై చార్టు, కింద "పై పట్టికను బట్టి 62 శాతం మంది తృప్తిగా ఉన్నారని తెలుస్తోంది" అని ఒక వాక్యం. ఆఖర్న సూచనల పేజీలో "కంపెనీ ప్రకటనలు పెంచాలి".

వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఆ పిల్లలు ఎండలో తిరిగారు, షాపుల ముందు నిలబడ్డారు, "ఇప్పుడు కాదమ్మా, తర్వాత రా" అనిపించుకున్నారు. అంత కష్టపడీ చేతికేమీ రాలేదు. లోపం లెక్కల్లో ఉందనుకోను. లెక్కలు ఎస్‌పీఎస్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. ఏం తెలుసుకోవాలో తేల్చుకోకుండా ప్రశ్నలు రాయడానికి కూర్చున్న రోజే పని చెడింది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని గురించే.

మేనేజర్ మిమ్మల్ని పిలిచి, "ఆర్నెల్లుగా సేల్స్ పడిపోయాయి, కాస్త స్టడీ చేసి పెట్టండి" అంటాడు. అది ఆయన ఇబ్బంది. అది ఇంకా పరిశోధన ప్రశ్న కాలేదు. కొత్తవాళ్లు రావడం తగ్గిందా? పాతవాళ్లు మానేశారా? ఉన్నవాళ్లే తక్కువ కొంటున్నారా? మొదటిదైతే మీ షాపు గడప తొక్కని వాళ్లని వెతుక్కుంటూ పోవాలి. రెండోదైతే మానేసినవాళ్ల ఫోన్ నంబర్లు కావాలి. మూడోదైతే సర్వేనే అక్కర్లేదు, బిల్లుల డేటా ముందేసుకుని రెండు రోజులు కూర్చుంటే చాలు. మనవాళ్లు చేసేదేమిటి? షాపులోంచి బయటికొస్తున్న వంద మందిని ఆపి "తృప్తిగా ఉన్నారా?" అని అడుగుతారు. మానేసినవాడు ఆ గుమ్మంలో ఎందుకుంటాడు?

పెద్ద కంపెనీలకీ ఇదే దెబ్బ తగిలింది. 1985లో కోకా-కోలా తన పాత రుచిని మార్చేసింది. గుడ్డిగా చేసిన పని కాదు. పెప్సీ వాళ్లు పదేళ్లుగా వీధుల్లో బల్లలేసి, పేరు కనపడకుండా రెండు గ్లాసులిచ్చి "ఏది బాగుంది?" అని అడిగి ప్రచారం చేసుకుంటున్నారు. కోక్ వాళ్లు కూడా కొత్త ఫార్ములాతో దాదాపు రెండు లక్షల మందికి రుచి చూపించారు. ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. ఏప్రిల్ 23న కొత్త కోక్ వచ్చింది, పాతది షాపుల్లోంచి పోయింది. జనం మండిపడ్డారు. కంపెనీకి ఫోన్లు, ఉత్తరాలు వెల్లువెత్తాయి. జూలై 11న పాత కోక్‌ని క్లాసిక్ పేరుతో వెనక్కి తెచ్చారు. మొత్తం 79 రోజుల ముచ్చట.

రెండు లక్షల మంది! శాంపిల్, అంటే అడగడానికి ఎంచుకున్న గుంపు, చిన్నదని ఎవరూ అనలేరు. మరి ఎక్కడ పోయింది? "ఈ రెంటిలో ఏది రుచిగా ఉంది?" అని అడిగారు. "ఇది వస్తే మీరు తాగుతున్నది ఇక దొరకదు, సరేనా?" అన్న ప్రశ్నకు దక్కాల్సిన బరువు దక్కలేదు. పైగా గుక్కెడు తాగి చెప్పమంటే తియ్యగా ఉన్నదానికే మార్కులు పడతాయి. ఇంట్లో కూర్చుని సీసా అంతా తాగేటప్పుడు ఆ తీపి మొహం మొత్తొచ్చు. అడిగిన ప్రశ్నకు సమాధానం సరిగ్గానే వచ్చింది. కంపెనీ తీసుకున్న నిర్ణయం మాత్రం ఇంకో ప్రశ్నకు సంబంధించింది. ఇక్కడ లోపించినదాన్నే మీ పుస్తకాల్లో వ్యాలిడిటీ అంటారు. కొలవాలనుకున్నదాన్నే కొలుస్తున్నామా అని. అదే పరీక్ష మళ్లీ మళ్లీ పెట్టినా అదే ఫలితం రావడం రిలయబిలిటీ. కోక్ వాళ్ల రుచి పరీక్షకు రిలయబిలిటీ బ్రహ్మాండంగా ఉంది. పరీక్షలో ఈ రెండు నిర్వచనాలూ రాసి మార్కులు తెచ్చుకునే వాళ్లు, తమ ప్రాజెక్టుకొచ్చేసరికి రెండోదాన్ని లెక్కగట్టి మొదటిదాన్ని మర్చిపోతారు. రిలయబిలిటీని చెప్పే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా, 0.8 వచ్చిందని సంబరపడిపోతారు.

ఇక హైపోథిసిస్. "కస్టమర్లు సర్వీసు పట్ల తృప్తిగా ఉన్నారు" అని రాస్తే అది హైపోథిసిస్ కాదు, మొహమాటం. తప్పని తేలడానికి వీలున్న ఊహ కావాలి. "డెలివరీ రెండు రోజులు దాటితే మళ్లీ ఆర్డర్ పెట్టేవాళ్లు తగ్గుతారు" అనండి. ఇప్పుడు డెలివరీకి పట్టిన రోజులు, అంటే మీరు కారణమనుకుంటున్నది, మీ ఇండిపెండెంట్ వేరియబుల్; మళ్లీ ఆర్డర్ రావడం, అంటే దాని ఫలితం, డిపెండెంట్ వేరియబుల్. రెండూ కంపెనీ రికార్డుల్లోనే ఉన్నాయి. ఎవరినీ "మీరేమనుకుంటున్నారు" అని అడగక్కర్లేదు.

ఎందుకంటే మనిషిని అడిగితే వచ్చేదాంతో చిక్కు ఉంది. మన ఇళ్లల్లో ఎవరినైనా "మా నూనె ఎలా ఉందండీ?" అని అడిగి చూడండి. "బాగానే ఉందండి" అంటారు. ఎండన పడి ఇంటికొచ్చిన పిల్లని నొప్పించడం ఎందుకని అనే మాట అది. మంచినీళ్లు కూడా ఇస్తారు. ఆ సమాధానాన్ని మీరు ఐదు మెట్ల స్కేలు మీద నాలుగు అని టిక్కు పెట్టుకుని వస్తారు. బదులుగా "ఇప్పుడు వంటింట్లో ఉన్న ప్యాకెట్ ఒకసారి చూపిస్తారా?" అనండి. "అంతకు ముందు ఏది కొన్నారు, ఏ కొట్లో?" అనండి. మాట మర్యాదకు లొంగుతుంది, ప్యాకెట్ లొంగదు.

దీనికి 1950లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనం నాకు చాలా ఇష్టం. అప్పటికి ఇన్‌స్టంట్ కాఫీ కొత్త. ఎందుకు నచ్చలేదని గృహిణుల్ని అడిగితే "రుచి బాగోదు" అనేవారు. మేసన్ హెయిర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకి అది నమ్మబుద్ధి కాలేదు. రెండు సరుకుల చీటీలు తయారు చేశాడు. రెండింటిలోనూ అవే సరుకులు: మాంసం, బ్రెడ్, క్యారెట్లు, బేకింగ్ పౌడర్, డబ్బా పీచ్ పళ్లు, బంగాళాదుంపలు. తేడా ఒక్క కాఫీలోనే. ఒక చీటీలో నెస్కెఫే ఇన్‌స్టంట్, రెండోదాంట్లో మాక్స్‌వెల్ హౌస్ కాఫీ పొడి. వంద మందిని తీసుకుని సగం మందికి ఒక చీటీ, మిగతా సగానికి రెండోది ఇచ్చి, "ఈ చీటీ రాసుకున్న ఇల్లాలు ఎలాంటిదో చెప్పండి" అన్నాడు. ఇంకో చీటీ ఉందని ఎవరికీ తెలియదు. ఇన్‌స్టంట్ కాఫీ రాసుకున్నావిడని 48 శాతం మంది బద్ధకస్తురాలన్నారు. రెండో ఆవిడని అలా అన్నది 4 శాతమే. అవే క్యారెట్లు, అవే దుంపలు!

రుచి ఒక సాకు. అసలు భయం, ఇంటికొచ్చినవాళ్లు తనని ఏమనుకుంటారో అని. నేరుగా అడిగితే ఆ మాట ఎవరూ చెప్పరు, చాలామందికి తమకే తెలియదు. ఫిల్టర్ డికాక్షన్ ఇళ్లల్లో పెరిగినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. గమనించారా, ఇక్కడా వంద మందే! కానీ ఆ వందని రెండు సమాన గుంపులుగా విడగొట్టి, ఒక్కటంటే ఒక్క అంశం మార్చాడు. సంఖ్యకి బలం ఆ అమరిక వల్ల వచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత వేరేవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ తేడా కనపడలేదు. ఇన్‌స్టంట్ కాఫీ అప్పటికి అందరిళ్లలోకీ వచ్చేసింది. కాబట్టి ఇంతకు ముందు జరిగిన పరిశోధనల గురించి చెప్పే లిటరేచర్ రివ్యూలో పాత స్టడీలు రాసేటప్పుడు ఏ ఏడాదివో, ఏ ఊరివో చూసుకోండి.

శాంపిల్ సంగతికి వద్దాం. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే, గిన్నె అంతా ఒకే సెగ తగిలితే. ఊరికి, మార్కెట్‌కి అలా ఒకే సెగ తగలదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక కోటి మందికి పోస్టులో బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి ల్యాండన్ గెలుస్తాడని ప్రకటించింది. అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు తెచ్చుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి. ఆ మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో మీకు తెలుసు. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. బ్యాలెట్ అందుకున్న నలుగురిలో ముగ్గురు తిరిగి పంపనేలేదు. పంపినవాళ్లూ పంపనివాళ్లూ ఒకేలాంటి మనుషులు కారు. జార్జ్ గ్యాలప్ అనే సర్వే నిపుణుడు అంతకన్నా ఎన్నో రెట్లు చిన్న శాంపిల్‌తో విజేతను సరిగ్గా చెప్పాడు. ఇప్పుడు చెప్పండి, మీ గూగుల్ ఫామ్ లింకు క్లాసు వాట్సాప్ గ్రూపులో, కజిన్స్ గ్రూపులో పడేసి "ప్లీజ్ ఫిల్ చేయండి" అంటారే, అది డైజెస్ట్ కన్నా ఏ విధంగా మెరుగు?

మన దేశంలో ఈ పని ఎంత బాగా జరిగిందో చాలామందికి తెలియదు. కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్, 1937లో బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో శాంపిల్ సర్వేతో లెక్కగట్టడం మొదలుపెట్టారు. పొలం పొలం తిరిగి చేసే మొత్తం లెక్కకయ్యే ఖర్చులో పదో వంతుతోనే, అంతకన్నా నమ్మదగిన అంచనా వచ్చేది. ఆయన పద్ధతుల్లో ఒకటి మీ ప్రాజెక్టుకీ పనికొస్తుంది. ఒకే ప్రాంతానికి రెండు బృందాలను, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, విడివిడి శాంపిళ్లతో పంపేవారు. రెండు అంచనాలూ దగ్గరగా వస్తే సరే. దూరంగా వస్తే పొలంలో దిగకుండా చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపినవాళ్లెవరో బయటపడేది. చెట్టు కింద ఫారాలు నింపడం ఇప్పటికీ ఉంది, చెట్టు బదులు హాస్టల్ గది.

విశాఖలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసి మహలనోబిస్ పెట్టిన ఆ సంస్థలోనే చేరిన తెలుగువాడు సి.ఆర్. రావు. 1945లో, పాతికేళ్ల వయసులో ఆయన రాసిన పేపర్‌లోని ఒక ఫలితం క్రామర్-రావు హద్దుగా ప్రపంచమంతా చదువుకుంటోంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది, ఆ ఏడాదే కన్నుమూశారు. ఆ ఫలితాన్ని గణితం లేకుండా, కాస్త మోటుగా చెప్పాలంటే, చేతిలో ఉన్న డేటాలో సమాచారం ఎంతుందో, మీ అంచనా ఖచ్చితత్వం కూడా అంతవరకే. ఆ హద్దు దాటించే సాఫ్ట్‌వేర్ లేదు. "డేటా సరిగ్గా లేదు సార్, ఏదైనా అడ్వాన్స్‌డ్ టెస్ట్ పెడదామా?" అని అడిగేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే బాగుండు.

చిన్న శాంపిల్ అంటే సిగ్గుపడక్కర్లేదని కూడా చెప్పాలి. రెండు సగటుల మధ్య తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూడ్డానికి మీరు రోజూ వాడే టీ-టెస్ట్ పుట్టింది యూనివర్సిటీలో కాదు, డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీలో. అక్కడ పనిచేసే విలియం గాసెట్‌కి బార్లీ మీద, హాప్స్ మీద కొద్దిపాటి ప్రయోగాల ఫలితాలే దొరికేవి. వాటితో ఎంత నమ్మకంగా మాట్లాడొచ్చో తేల్చుకోవాల్సి వచ్చి 1908లో ఆ పద్ధతి ప్రచురించాడు. కంపెనీ ఉద్యోగులు సొంత పేరుతో రాయడానికి వీల్లేదు కాబట్టి "స్టూడెంట్" అని పేరు పెట్టుకున్నాడు.

కారణాల గురించి ఒక్క మాట. యాడ్ ఇచ్చాం, సేల్స్ పెరిగాయి, కాబట్టి యాడ్ వల్లే పెరిగాయి అనేస్తాం. ఆ నెల సంక్రాంతి అన్న సంగతి ఎవరూ రాయరు. యాడ్ వేసిన ఊళ్లతో పాటు వెయ్యని ఊళ్లలో కూడా అదే నెల సేల్స్ చూడాలి, అదే కంట్రోల్ గ్రూపు. చికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి జరిగిన ప్రయోగాల కథ మీ సిలబస్‌లో ఉంది. వెలుతురు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగింది, ఎవరో తమని గమనిస్తున్నారనే పెరిగిందని చెప్తారు. ఆ లైటింగ్ డేటాను 2011లో ఇద్దరు ఆర్థికవేత్తలు మళ్లీ లెక్కగట్టి, కథలో చెప్పినంత గట్టి ఆధారం అందులో లేదని రాశారు. పాఠ్యపుస్తకాలు మాత్రం పాత కథే చెబుతున్నాయి.

బయటికి వెళ్లే ముందు ఉన్న డేటా చూసుకోండి. కేంద్ర గణాంక శాఖ 2022-23లో చేసిన వినియోగ వ్యయ సర్వే 2 లక్షల 60 వేలకు పైగా ఇళ్లు తిరిగింది. పల్లెల్లో సగటున మనిషికి నెలకు 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు ఖర్చని తేల్చింది. రాష్ట్రాల వారీ లెక్కలూ ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. అదంతా వదిలేసి "మీ ఇంటి నెల ఖర్చెంత?" అని వంద మందిని అడిగి, సగం మంది చెప్పకపోతే బాధపడటం దేనికి?

ఇక ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్లు ఈ వారం ఒక పని చేయండి. ప్రశ్నలు రాయకముందే రిపోర్టులో రాబోయే పట్టికలు గీసి, అంకెలు లేకుండా ఖాళీగా వదిలేయండి. వాటిని గైడ్ కన్నా ముందు, ఆ కంపెనీలో నిర్ణయం తీసుకునే మనిషికి చూపించండి. "సార్, ఈ గడిలో 60 శాతం వస్తే ఏం చేస్తారు? 20 వస్తే ఏం చేస్తారు?" అని అడగండి. రెండింటికీ ఒకే జవాబిస్తే ఆ పట్టిక కొట్టేయండి, దాని కోసం రాయబోయిన ప్రశ్న కూడా కొట్టేయండి. అలా కొట్టేయగా మిగిలిన నాలుగైదు గడులకు ఎవరిని అడగాలి, ఎంతమందిని అడగాలి అన్నది అప్పుడు కూర్చుని లెక్కేద్దాం. అది 40 కావొచ్చు, 400 కావొచ్చు.

ఇక మీరు అడగండి, నేను వింటాను.