పొట్లం మాత్రల గొడవ: తప్పెవరిది?

(ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఒడిశా జిల్లా రాయగడలోని ఒక లోకల్ కేబుల్ చానెల్ చర్చ. మోకాళ్ళ నొప్పికి నెలల తరబడి పొట్లం మాత్రలు (పేరు లేకుండా కాగితంలో చుట్టి ఇచ్చే విడి మాత్రలు) మింగిన పెద్దావిడ ఒకరు రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరారు. ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగాక పెట్టిన కార్యక్రమం ఇది. మాట మీద మాట పడ్డచోట వినిపించినంత వరకే రాశాను.)

యాంకర్: సూటిగా అడుగుతున్నాను డాక్టర్ గారూ. ఈ మందులు సరిహద్దు దాటి ఆంధ్రా నుంచి వస్తున్నవేనా?

డాక్టర్: ఎక్కడివన్నది తర్వాత. పొట్లంలో ఏముందో ముందు చూడాలి. ఇలాంటివాటిలో తరచుగా ఒక నొప్పి మాత్ర, దానికి తోడు స్టెరాయిడ్ ఉంటాయి. డెక్సామెథసోన్ లాంటిది. ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి తగ్గుతుంది, ఆకలేస్తుంది. మందు అమోఘం అనుకుంటారు. కానీ ఆ రెండూ కలిస్తే కడుపులో పుండు పడి...

షాపు యజమాని: ఒక్క నిమిషం! పొట్లం కట్టేది మేమా? సంతలో సూదులు వేసేవాళ్ళు కడతారు. అరెస్టు చేస్తే వాళ్ళని చెయ్యండి. లైసెన్సు షాపులో షెడ్యూల్ హెచ్ మందుకి, అంటే డాక్టరు రాస్తేనే ఇవ్వాల్సిన మందుకి, డాక్టరు చీటీ అడుగుతాం. ఇంకా కఠినమైన జాబితా హెచ్1 అయితే రిజిస్టర్ రాసి మూడేళ్ళు దాచాలి. నాకు తెలీదా?

ఆశా కార్యకర్త: అడుగుతారా బాబూ? మా ఊరోళ్ళకి చీటీ అడిగిన షాపు...

షాపు యజమాని: అమ్మా, నన్ను మాట్లాడనివ్వండి. పది మాత్రలు రాస్తే డబ్బుల్లేవని రేకులోంచి నాలుగు కోసిమ్మంటారు. కోస్తాం. పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మా దగ్గరే ఉండిపోతుంది. ఇంటికెళ్ళాక అదేం మాత్రో వాళ్ళకీ తెలీదు. తప్పెవరిది?

డాక్టర్: కోసిన ముక్క మీద పేరు, తేదీ రాసి ఇవ్వచ్చుగా!

(ఇద్దరూ ఒకేసారి. అర నిమిషం ఏమీ అర్థం కాలేదు.)

యాంకర్: సరిహద్దులో తనిఖీ ఉంటే ఇదంతా జరిగేదా?

డాక్టర్: తనిఖీ సంగతి కాదండీ, గుర్తులు చెప్పనివ్వండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనబడినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. కొత్త మందు వేసుకున్నాక ముఖం, పెదాలు వాచి ఊపిరాడకపోతే నిమిషాల లెక్క. మూర్ఛకిచ్చే కార్బమాజెపిన్, యూరిక్ యాసిడ్‌కిచ్చే అలోప్యూరినాల్, సల్ఫా మందులు కొందరికి పడవు. జ్వరం, దద్దుర్లు, నోట్లో పుళ్ళు, కళ్ళు ఎర్రబడటం కలిసి వస్తే క్రీము రాసుకుని కూర్చోకండి. ఆ మందు ఆపి అదే రోజు వెళ్ళండి.

యాంకర్: అంటే పొట్లం మాత్రలు కూడా వెంటనే ఆపెయ్యాలి?

డాక్టర్: రక్తం పడుతుంటే ఆసుపత్రికి పరుగెత్తాలి, పొట్లం చేత్తో పట్టుకుని. లేదంటే, నెలల తరబడి వేసుకున్న స్టెరాయిడ్‌ని సొంతంగా, ఉన్నట్టుండి ఆపకూడదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు మెల్లగా తగ్గిస్తారు.

షాపు యజమాని: చూశారా! ఒకటి ఆపమంటారు, ఒకటి ఆపొద్దంటారు. జనం ఏం చేస్తారు? నన్నే అడుగుతారు! మీరు వారానికి రెండు రోజులొస్తారు, నేను రాత్రి పదింటి దాకా ఉంటాను.

(ఇక్కడ చప్పట్లు. డాక్టర్ చెప్పిన తేడాకి పడలేదు.)

ఆశా కార్యకర్త: నాదొకటి. మలేరియా మందు ప్రైమాక్విన్ 14 రోజులిస్తాం. జ్వరం తగ్గగానే మిగిలినవి గూట్లో పెట్టేసి, మళ్ళీ జ్వరమొస్తే పిల్లాడికేస్తారు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్ళకి ఆ మందు ఎర్ర రక్తకణాల్ని విరిచేస్తుంది. మూత్రం డికాషన్ రంగులో వస్తే నాకు కబురు పెట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్తున్నాను. కార్తీక మాసం ఇంకో తంటా. ఉపవాసముంటారు, షుగరు మాత్ర మాత్రం మానరు. ఒంట్లో షుగరు తగ్గిపోయి చెమటలు పట్టి పడిపోతే పూనకమనుకుంటారు.

యాంకర్: చాలా ముఖ్యమైన విషయం. ఆ షుగరు మాత్రలు ఎటువైపు నుంచి వస్తాయమ్మా?

ఆశా కార్యకర్త: ఆసుపత్రిలోనే ఇస్తారు బాబూ.

డాక్టర్: మందు పడలేదని అనుమానమొస్తే ఎవరైనా ఫోను చేసి చెప్పచ్చు, టోల్‌ఫ్రీ నంబరు...

షాపు యజమాని: ఫోనుకి సిగ్నలుండాలిగా! మన జిల్లాలోనే బిస్సంకటక్ ఊరు దాటితే...

(అక్కడి నుంచి సెల్ టవర్ల మీద నాలుగు నిమిషాలు. నంబరు స్క్రీన్ మీద వేస్తామన్నారు, వెయ్యలేదు. దేశవ్యాప్తంగా పనిచేసే ఔషధ భద్రతా పథకం నంబరు: 1800-180-3024.)

యాంకర్: ఆఖరి మాట, ఒక్కొక్కరికి పది సెకన్లు.

డాక్టర్: వాడుతున్న మాత్రల రేకులన్నీ ఒక సంచిలో వేసుకుని ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా...

షాపు యజమాని: మా షాపుల మీద దాడులు ఆపాలి! మేము తలుపులు మూస్తే ఈ జిల్లాలో మందిచ్చే దిక్కెవరు? చెప్పండి!

యాంకర్: ఆలోచించాల్సిన ప్రశ్నే. సరిహద్దు తనిఖీల మీద రేపు ఇదే సమయానికి...

షాపు యజమాని: ఇంకొక్కటి, ఇంకొక్కటి చెప్తాను...

(ప్రకటనలు.)