రాయగడలో వాన పడతందేట్రా?

(శ్రీకాకుళంలో డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ నమస్కారం.

"రాయగడలో వాన పడతందేట్రా?" తుపాన్ల కాలం వచ్చిందంటే మా నాన్న ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఇదే. మా పొలం నాగావళి ఒడ్డున. ఏరు ఒడిశాలో పుట్టి, రాయగడ మీదుగా మన దగ్గరకొస్తుంది. పైన కుండపోతగా కురిస్తే ఇక్కడ చినుకు లేకపోయినా నీళ్లు గట్టెక్కుతాయి. రోజుకు నాలుగుసార్లు వెబ్‌సైట్ తెరిచి, యాడ్స్ మూసి, ఊరి పేరు వెతికి... విసుగొచ్చి ఒక స్క్రిప్టు రాశాను, ఆ పనంతా తనే చేసి నాన్నకు మెసేజ్ పంపే చిన్న ప్రోగ్రాము. ఇవాళ దాని గురించే. స్లైడ్లు తేలేదు.

వెబ్‌సైట్ మన కళ్ల కోసం, ఏపీఐ ప్రోగ్రాముల కోసం: ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని సమాచారం అడిగే దారి. సచివాలయంలో దరఖాస్తు లాంటిదే: ఏ గడిలో ఏం రాయాలో వాళ్లే చెబుతారు, అలా రాస్తేనే జవాబు.

అడగడానికి వాడే పనిముట్టు కర్ల్. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ రాశారు. 1998లో ఈ పేరు పెట్టారు. చాట్‌లో కరెన్సీ మారకం రేట్లు చెప్పే బాట్ కోసం, ఆ రేట్లు వెబ్ నుంచి తెచ్చుకోవడానికి మొదలుపెట్టిన పని అది. అంటే ఆయనకూ మా నాన్న లాంటి ప్రశ్నే! 2018 నుంచి విండోస్ 10లోనూ ఇది ముందే ఉంటోంది.

మొదటిసారికి ఓపెన్-మీటియో అనే వాతావరణ సర్వీసు పట్టుకోండి. సొంత వాడకానికి కీ, అంటే మనమెవరో చెప్పే రహస్య కోడ్, అక్కర్లేదు. చాలామంది మొదటిరోజే టోకెన్లు, లాగిన్లు అని తల బద్దలు కొట్టుకుని, మూడో రోజుకి మానేస్తారు.

అడ్రసు చివర ప్రశ్నార్థకం పెట్టి అక్షాంశం 19.17, రేఖాంశం 83.41, గంటగంటకూ వాన ఎంత అని రాయాలి. ముక్కకీ ముక్కకీ మధ్య & గుర్తు. ఇక్కడే నాకు ఒక సాయంత్రమంతా పోయింది. బాష్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే షెల్‌లో, ఎంటర్ కొట్టగానే బ్రాకెట్లలో 1, 2, వాటి పక్కన పెద్ద పెద్ద అంకెలు. వెనకే, రేఖాంశం సంగతేంటని సర్వర్ నుంచి ఎర్రర్. రాశాను కదా, కళ్లెదురుగా ఉంది కదా! సంగతేంటంటే, షెల్‌కి & అంటే 'దీన్ని వెనకాల నడవనీ' అని. అడ్రసు అక్షాంశం దగ్గరే తెగిపోయింది. మిగిలిన రేఖాంశం ముక్క షెల్ కంటికి మామూలు వేరియబుల్‌లా కనిపించింది, అందుకే అది నోరెత్తలేదు. అడ్రసుకి అటూ ఇటూ సింగిల్ కోట్స్ పెట్టగానే సరిపోయింది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే డబుల్ కోట్స్.

జవాబు జేసన్ రూపంలో, అంటే ప్రతి పేరు పక్కనా దాని విలువ రాసి, వస్తుంది. కావలసిన అంకెను జేక్యూ అనే చిన్న పనిముట్టుతో ఏరుకోండి. అది ఒక గంట పని.

ఇంకో దెబ్బ దీనికన్నా గట్టిది. సర్వర్ నుంచి ఏదో ఒక జవాబు వస్తే చాలు, కర్ల్ లెక్కలో పని అయిపోయినట్టే. అది 404 (అడిగింది దొరకలేదు) అయినా, 500 (సర్వర్‌లోనే తప్పు) అయినా. అప్పట్లో నేను వాడింది వేరే సర్వీసు. ఒక రాత్రి దాని నుంచి ఎర్రర్ పేజీ వచ్చింది, నా స్క్రిప్టుకు అంకె దొరకలేదు, ఖాళీని సున్నాగా లెక్కేసి 'వాన లేదు' అని నాన్నకు మెసేజ్ పంపేసింది. తప్పు నాదే. ఆయన నమ్మి పడుకున్నారు. తెల్లారేసరికి గట్టు మీది మోటారు నీళ్లలో ఉంది. ఇప్పుడు కర్ల్‌కి ఫెయిల్ అనే ఆప్షన్ ఇస్తున్నాను. అలాంటి జవాబొస్తే 22 అనే ఎగ్జిట్ కోడ్‌తో (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) ఆగిపోతుంది, నాన్నకు 'తెలీదు, ఫోన్ చెయ్' అని వెళ్తుంది.

కీ ఉన్న సర్వీసుకి వెళ్లాక కీని స్క్రిప్టులో రాయకండి, దాని బయట, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా ఎక్కించారా, అది ఊరందరిదీ. సర్వర్ నుంచి 429 అనే కోడ్ వస్తే మరీ ఆత్రంగా అడుగుతున్నారని అర్థం, మధ్యలో కాస్త ఆగండి.

సరే, ల్యాప్‌టాప్‌లు తెరవండి. ముందు కోట్స్ లేకుండానే కొట్టండి. ఆ బ్రాకెట్లు మీరూ చూడాలి.