వేలికొన వేడి
(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, భోజనాల వేళ దాటుతున్నా లేవకుండా కూర్చున్న మీకు నమస్కారం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం పాఠాలు చెప్పినవాడికి పది నిమిషాలు హాజరు పిలవడానికే సరిపోతాయి.

బయోఫీడ్‌బ్యాక్ గురించి చెప్పమన్నారు. మీలో బోరుబావి లేనివారు ఎందరు? స్టార్టరు డబ్బా మీది అమ్మీటరు ముల్లు చూసి, మోటారు నీళ్లు తోడుతోందో ఉత్తగా తిరుగుతోందో చెప్పేస్తారు. ఆ ముల్లు చుక్క నీరు తోడదు. దాన్ని చూసి మోటారు ఆపేది మనం. ఒంటికీ అలాంటి ముళ్లు తగిలించవచ్చు: కండరాల బిగువుకు, గుండె వేగానికి, వేలికొన వేడికి, మెదడులోని విద్యుత్తుకు. ఆ ముల్లు చూస్తూ ఒంటిని మనమే సర్దుకోవడం నేర్చుకుంటే, అదే బయోఫీడ్‌బ్యాక్. మనిషి మెదడు తరంగాలను 1924లో తొలిసారి నమోదు చేసినవాడు జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్.

మా ఇంటావిడకు పార్శ్వపు నొప్పి. వస్తే తలకు గుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకునేది. నల్లగొండ ఎండాకాలంలోనూ ఆవిడ చేతులు చల్లగానే ఉండేవి. మనసు బిగిస్తే వేళ్లలోని రక్తనాళాలూ బిగిసి వేళ్లు చల్లబడతాయి. అమెరికాలో టొపీకాలోని మెనింజర్ సంస్థవారు 1970ల్లో చేతులు వెచ్చబరచుకోవడం నేర్పి ఈ నొప్పికి చికిత్స చేశారని చదివాను. బడి ప్రయోగశాలలో వాడే ఎర్ర ద్రవం థర్మామీటరు ఒకటి కొని, ఆవిడ వేలికి దారంతో కట్టాను. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 డిగ్రీల కింద చూపదు. రోజూ పావుగంట, నెమ్మదిగా ఊపిరి తీస్తూ ముల్లు చూసినట్టు ఆ గీత చూసేది. మొదటి వారం నన్ను తిట్టింది. రెండో నెలలో 28 నుంచి 33కు తెచ్చింది. మాత్రలు మానలేదు. నొప్పి నెలకు ఆరుసార్లు వచ్చేది, రెండుసార్లకు దిగింది.

పిల్లుల సంగతి కూడా చెప్పాలి. స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లులకు మెదడులో సెకనుకు 12 నుంచి 15 సార్లు ఊగే ఒక తరంగాన్ని పెంచుకోవడం నేర్పాడు. తర్వాత వేరే పని మీద వాటికి మూర్ఛ తెప్పించే రాకెట్ ఇంధనం ఎక్కిస్తే, నేర్చిన పిల్లులు మూర్ఛను ఎక్కువసేపు తట్టుకున్నాయి. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, సరే.

ఇక నా కడుపుమంట. చదువు మీద మనసు నిలవడం లేదని మా మనవణ్ణి హైదరాబాదులో ఒక కేంద్రానికి తీసుకెళ్లారు. తల మీద తీగలు, ఎదుట మెదడు తరంగాలతో నడిచే బొమ్మల ఆట, నలభై వేలు. ఏది అసలో ఏది నకిలీయో ఇంటివారికి తెలియనివ్వకుండా పోల్చిన పరీక్షల్లో, మనసు నిలవని ఈ జబ్బుకు (ఏడీహెచ్‌డీ) మెదడు తరంగాల శిక్షణ నకిలీ శిక్షణను మించలేదు. ఆ మాట అక్కడ ఎవరూ చెప్పలేదు. వాడికి ఆట మాత్రం బాగా వచ్చింది.

దానికన్నా బాధ మరొకటి. మర్రిగూడ వైపు నుంచి నా పాత విద్యార్థి వచ్చి, "సార్, ఆ యంత్రం పెడితే ఫ్లోరైడు నీళ్లకు బిగుసుకుపోయిన మా అన్న నడుము వంగుతుందా?" అని అడిగాడు. ఎవరో వంగుతుందన్నారట. ఎముకలో పేరుకున్న ఫ్లోరైడు ఏ ముల్లు చూసినా దిగదయ్యా! పటికతో, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ నల్లగొండవాళ్లకే ఇది అమ్ముతారా? మీ ఊళ్లో ఎవరైనా ఇలా డబ్బు అడిగితే ముందు జిల్లా ఆసుపత్రి డాక్టరుకు చూపించండి.

థర్మామీటరు తెచ్చాను. ముందు వరుస నుంచి వేలికి కట్టి అంకె రాసుకోండి. అధ్యక్షుల వేలు మొదట, ఆయనకే తొందర ఎక్కువగా ఉంది.