గ్రామ్ స్టెయినింగ్: కథంతా ఆల్కహాల్ దగ్గరే

"గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియాకి ఊదారంగు పట్టదు." బ్యాక్టీరియాని రంగుతో రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయినింగ్ గురించి ల్యాబ్ రికార్డుల్లో ఇంకా ఇదే రాస్తున్నారు. చివరికి ఊదాగా మిగిలేది పాజిటివ్, గులాబీగా కనిపించేది నెగటివ్. పట్టదని ఎవరు చెప్పారండీ? స్లైడు మీది బ్యాక్టీరియాకి క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు పోసి నిమిషం ఉంచి, కడిగి చూడండి. నెగటివ్ అయిన ఈ. కోలై, పాజిటివ్ అయిన స్టాఫైలోకాకస్ రెండూ ఊదానే. అయోడిన్ పోసి ఇంకో నిమిషం ఆగినా రెండూ ఊదానే.

కణకవచాన్ని మామిడి తాండ్ర అనుకోండి. పాజిటివ్‌ది పూత మీద పూత వేసిన మందపాటి తాండ్ర. ఆ పూత పదార్థమైన పెప్టిడోగ్లైకాన్ 20 నుంచి 80 నానోమీటర్ల మందం ఉంటుంది. నెగటివ్‌ది ఒకటీ అరా పూత, దానిపైన నూనె కాగితం చుట్టినట్టు ఔటర్ మెంబ్రేన్ అనే బయటి పొర. రంగు రెండింట్లోకీ దూరింది. వెనకే వెళ్లిన అయోడిన్ దాంతో కలిసి పెద్ద ముద్దలు కట్టింది. ఇప్పుడు ఆల్కహాల్ పోశాం. మందపాటి తాండ్రలో తడి లాగేస్తే పూతలు బిగుసుకుపోతాయి, ముద్దలు లోపలే ఇరుక్కుంటాయి. రెండోదాంట్లో నూనె కాగితం కరిగిపోతుంది, మిగిలిన పలచటి పూత వాటిని ఆపలేదు.

అందుకే 95 శాతం ఆల్కహాల్ చేతిలో ఉన్నప్పుడు పక్కవాళ్లతో కబుర్లొద్దు. స్లైడు వాల్చి చుక్కచుక్కగా వదలండి. కిందికి జారే చుక్కలో ఊదా ఛాయ ఆగిందా, వెంటనే నీళ్లు పోసేయండి. మామూలుగా 10-15 సెకన్లు. అసిటోన్ కలిపిందైతే ఇంకా త్వరగా. ఆలస్యమైతే పాజిటివ్ రంగూ పోతుంది.

స్మియర్, అంటే స్లైడు మీద పూసే బ్యాక్టీరియా పొర, మందంగా వేస్తే తాండ్ర చాపలు కుప్పపోసినట్టే. ఆల్కహాల్ అడుగుదాకా అందదు, ఈ. కోలై ఊదాగా మిగులుతుంది. స్లైడు కింద పెట్టిన కాగితం మీది అక్షరాలు చదవగలగాలి, అంత పలచన. కల్చర్, అంటే పెంచిన బ్యాక్టీరియా, 24 గంటలు దాటిందంటే తాండ్రకి పగుళ్లు. పాజిటివ్ అయిన బాసిల్లస్ కూడా గులాబీగా కనిపిస్తుంది, నెగటివ్ అని రాసేస్తారు. పరీక్షలో అయితే మార్కులు పోతాయి, ఆస్పత్రి ల్యాబ్‌లో అయితే రోగికి ఇచ్చే మందే మారిపోవచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఊదా పోయినవాటికి గులాబీ రంగు పట్టించే సాఫ్రనిన్ 30-60 సెకన్లు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చెప్పినదాంట్లో ఇది లేదు, తర్వాతివాళ్లు చేర్చారు. కడిగి, బ్లాటింగ్ పేపర్‌తో అద్దండి, రుద్దొద్దు. ఆయిల్ వేసి మైక్రోస్కోప్ 100ఎక్స్ లెన్సుతో చూడండి. టీబీ బ్యాక్టీరియాకి మైకోలిక్ ఆమ్లపు మైనం అడ్డం, దానికి జీల్-నీల్సన్ అనే వేరే స్టెయినింగ్ వాడాలి. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి అసలు తాండ్రే, అంటే కణకవచమే లేదు. ఇంకొకటి, స్టెయినింగ్ సరిగ్గా జరిగిందో లేదో తెలియడానికి శాంపిల్ ఉన్న అదే స్లైడు మీద ఓ పక్క స్టాఫైలోకాకస్, ఓ పక్క ఈ. కోలై తప్పకుండా పెట్టండి. ఈ. కోలై ఊదాగా వచ్చిందంటే శాంపిల్ రిజల్ట్ రాయకుండా కొత్త స్మియర్ వేయండి.