తోటలో పిచికారీ: లెక్క గుబురుది

యాంకర్: రెండేళ్ల మొక్కలకీ, కాపుకొచ్చిన చెట్లకీ ఎకరానికి ఒకే లెక్కన మందు కొట్టేస్తుంటాం. అందులో తేడా ఎక్కడొస్తుందండీ?

అతిథి: ఎకరం అన్నది నేల కొలత. మందు పడాల్సింది ఆకు మీద. అందుకే చెట్టు ఎత్తు, గుబురు వెడల్పు, సాళ్ల మధ్య దూరం, ఈ మూడూ కొలవాలి.

యాంకర్: అంకెల్లో చెబుతారా?

అతిథి: సాళ్ల మధ్య 6 మీటర్లు అనుకోండి. ఎకరంలో సాళ్లన్నీ కలిపితే దాదాపు 670 మీటర్ల పొడవు. చెట్టు 4 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల వెడల్పు ఉంటే, ఈ మూడూ గుణిస్తే గుబురు సుమారు 8,000 ఘనపు మీటర్లు. అదే తోటలో 2 మీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఉన్న మొక్కలైతే 1,350. ఆరో వంతే!

యాంకర్: అమ్మో! మరి నీళ్లు?

అతిథి: ఆకు నిండా తడవాలంటే 100 ఘనపు మీటర్లకు 10 లీటర్లతో మొదలుపెట్టొచ్చు. పెద్ద చెట్లకు 800 లీటర్లు, చిన్నవాటికి 135 చాలు. ఆకు దట్టంగా ఉంటే పెంచుకోవాలి, కొమ్మలు కత్తిరించి పలచన చేస్తే తగ్గించాలి.

యాంకర్: అంటే మందు డోసు కూడా మనమే తగ్గించేసుకోవచ్చా?

అతిథి: ఆగండాగండి. డబ్బా మీద లీటరు నీటికి ఇంత అని ఉంటే నీళ్లతోపాటు మందూ తగ్గుతుంది. ఎకరానికి ఇంత అని ఉంటే లేబుల్ మాటే వినాలి. నీళ్లు సగం చేసి చిక్కగా కొట్టేవాళ్లు ఇక్కడే తడబడతారు.

యాంకర్: ట్రాక్టర్‌తో లాగుతూ, ఫ్యాన్ గాలితో మందు చిమ్మే ఫ్యాన్ స్ప్రేయర్ ఉన్నవాళ్ల సంగతి?

అతిథి: నన్నడిగితే నీళ్ల కన్నా గాలి దగ్గరే ఎక్కువ నష్టపోతున్నాం. గుబురులోని గాలిని తోసేసి, మందు కలిసిన గాలి అక్కడికి చేరాలి. పెద్ద చెట్ల మధ్య ట్రాక్టర్ వేగంగా పోతే లోపలి ఆకులు పొడిగానే ఉంటాయి. చిన్న మొక్కలకు అదే గాలి పెడితే మందు అవతలి సాలుకు ఎగిరిపోతుంది. అక్కడ ఫ్యాన్ తగ్గించి, చెట్టును దాటిపోయే పై నాజిళ్లు మూసేయండి.

యాంకర్: సరిగ్గా పడిందో లేదో తెలిసేదెలా?

అతిథి: తడి తగిలితే నీలంగా మారే పసుపు కాగితాలుంటాయి. గుబురు నడిమధ్యన, పైకొమ్మల్లో కట్టి ఉత్త నీళ్లు కొట్టి చూడండి. కాగితమంతా నీలమైపోతే ఎక్కువైనట్టు. విడివిడి చుక్కలు దగ్గరదగ్గరగా పడితే చాలు.

యాంకర్: ఒకసారి కొలిస్తే ఏడాదికి సరిపోతుందా?

అతిథి: లేదండీ. చిగురప్పుడొకసారి, ఆకు నిండాక ఒకసారి, కత్తిరింపు అయ్యాక మళ్లీ కొలవాలి.